వంద శాతం కరెంటు ఇచ్చేశామన్నారు, మా మోటారు తిరగలేదు

ఈ పోస్టు కొంచెం పెద్దదే. ఓపికున్నవాళ్ళు చదవండి. కరెంటు ఆఫీసుల్లో పనిచేసే తమ్ముళ్ళు కూడా ఈ పేజీ చూస్తారని తెలుసు. నేను తిడుతున్నది స్తంభం ఎక్కేవాళ్ళను కాదని ముందే చెబుతున్నా. లెక్క రాసేవాళ్ళతోనే నా పేచీ.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాది సముద్రానికి దగ్గర ఇసుక నేల. ఫిల్టర్ పాయింట్ల మీద వేరుశనగ, వంగ, బెండ వేసుకుని బతికే ఊరు. ఆ సాయంత్రం గాలి తగ్గాక వెళ్ళి చూస్తే మా పొలాల లైను మీద పదకొండు స్తంభాలు పడున్నాయి. కొన్ని విరిగినై, కొన్ని విరక్కుండానే ఇసుకలోంచి వేళ్ళతో సహా లేచిన చెట్టు మాదిరి పడుకున్నై. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఒక పక్కకు వాలింది.

రెండో రోజు రాత్రికి మండలం టౌనులో లైట్లు వెలిగాయి. నాలుగో రోజు మా ఊళ్ళో ఇళ్ళకు కరెంటొచ్చింది. ఆరో రోజు పొద్దున పేపర్లో మన ప్రాంతంలో విద్యుత్ వంద శాతం పునరుద్ధరణ అని ఒక పెద్దాయన చెప్పిన మాట పడింది. ఆ పేపరు మా టీ బంకు దగ్గర చేతులు మారి మారి చిరిగిపోయింది. మా మోటారు తిరిగింది మాత్రం పంతొమ్మిదో రోజు.

అంటే ఆ పెద్దాయన అబద్ధం చెప్పాడా? నేనూ మొదట అట్టాగే అనుకున్నా. తర్వాత తెలిసిందేంటంటే ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన దగ్గరున్న లెక్క ప్రకారం అది నిజమే. నాకు అసలు కోపం వచ్చింది అక్కడే. అబద్ధమైతే నిలదీయొచ్చు. మనం లేని లెక్కలో నిజమైతే ఎవర్ని నిలదీస్తాం?

ఆ లెక్క ఎట్టా కడతారో చెబుతా వినండి. కరెంటు పైనుంచి కిందికి వస్తుంది. పెద్ద లైన్ల నుంచి 33 కేవీ లైను, అది మన సబ్‌స్టేషనుకు. సబ్‌స్టేషను నుంచి 11 కేవీ ఫీడర్లు. ఫీడరు నుంచి ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి చిన్న లైను, చివర మన స్టార్టర్ డబ్బా. కాబట్టి బాగుచెయ్యడం కూడా పైనుంచే మొదలుపెట్టాలి. 33 కేవీ లేకుండా నా పొలంలో పది స్తంభాలు నిలబెట్టి ఏం లాభం? ఆసుపత్రులు, మంచినీళ్ళ పథకాలు, సెల్ టవర్లు, ఆ తర్వాత ఇళ్ళు. ఈ వరసలో తప్పు లేదు. మా అమ్మ చీకట్లో కూర్చుని ఉంటే నేను మాత్రం మోటారుకు ముందివ్వమని అడుగుతానా? వరసలో ఆఖర్న ఉండటానికి నేను ఒప్పుకుంటా. ఆఖరివాడి దాకా రాకముందే వరస అయిపోయిందని బోర్డు పెడితే మాత్రం ఒప్పుకోను.

ఫీడరు మీద ఎక్కడికక్కడ ఏబీ స్విచ్‌లుంటాయి. తుఫాను తర్వాత ఏం చేస్తారంటే, లైను ఎంతదాకా బాగుందో అంతదాకా ఉంచి, అవతల స్విచ్ విప్పేస్తారు. స్విచ్ లేకపోతే జంపర్లు కోసేస్తారు. సబ్‌స్టేషనులో ఫీడరును చార్జ్ చేస్తారు. బ్రేకర్ నిలబడుతుంది. రిజిస్టర్లో ఫలానా ఫీడరు, ఫలానా టైముకు చార్జ్ అయింది అని ఎక్కుతుంది. పైకి పోయే మెసేజ్ అదే. జిల్లాలో ఇన్ని ఫీడర్లు దెబ్బతిన్నాయి, ఇన్నీ బాగైనై, వంద శాతం. విప్పేసిన స్విచ్‌కు అవతల ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు చచ్చిపడున్నాయో ఆ మెసేజ్‌లో గడి లేదు.

విప్పెయ్యడం తప్పని కాదు నేను చెప్పేది. అది సరైన పనే, అట్టా చెయ్యకపోతే ఊళ్ళు చీకట్లో ఉంటాయి, తెగిపడ్డ తీగలో కరెంటుండి మనుషులు చస్తారు. విప్పేసిన తర్వాత ఆ అవతలి భాగం లెక్కలోంచే జారిపోతుంది, అదీ నా గోడు. లెక్కలో లేని పనికి స్తంభాలు రావు, గ్యాంగులు రావు. పక్క జిల్లాల నుంచి తెచ్చిన మనుషుల్ని వంద శాతం అయిందన్న రోజే లారీలెక్కించి పంపించేస్తారు. మా దగ్గర సరిగ్గా అదే జరిగింది. ఆరో రోజున వేరే జిల్లా గ్యాంగు మా ఊరి మీదుగానే టౌనుకు వెళ్ళిపోయింది. మేం రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపాం. వాళ్ళూ ఊపారు.

తర్వాత మిగిలింది మా లైన్‌మనూ, ఒక కుర్రాడూ. పదకొండు స్తంభాలకు ఇద్దరు. కాబట్టి గుంటలు మేమే తవ్వాం. స్తంభాలు మా ట్రాక్టర్ల మీదే తెచ్చాం. డీజిలు మాది, కూలి మాది, మధ్యాహ్నం భోజనాలు మావి. ఆ లైను మీద ఉన్న ఇరవై మూడు మంది రైతులం తలా కొంత వేసుకున్నాం. మీ ఊళ్ళోనూ ఇంతే కదా? ఇది ఎంత అలవాటైపోయిందంటే దీన్ని మనం ఖర్చని కూడా అనుకోం. పునరుద్ధరణకు ఇన్ని కోట్లు అని పేపర్లో చదువుతాం, మన ట్రాక్టరు డీజిలు ఆ కోట్లలో ఉండదు.

ఇసుక నేల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. తుఫాను నీళ్ళు మాకు మూడు రోజుల్లో ఇంకిపోతాయి. చూసేవాళ్ళు మీకేం, నీళ్ళు నిలవలేదుగా అంటారు. ఇంకిపోయిన నాలుగో రోజు నుంచి మళ్ళీ తడి కావాలి. నల్లరేగడిలాగా మా నేల తడిని దాచుకోదు. ఆ పంతొమ్మిది రోజుల్లో ఇంజను అద్దె, డీజిలు కలిపి నాకు పదకొండు వేల చిల్లర అయింది. నాకు ఇంజను దొరికింది. దొరకనివాళ్ళు కాయకొచ్చే బెండ పీకేశారు.

మా పక్క రొయ్యల చెరువుల లైను మాకంటే వారం ముందే బాగైంది. ఈర్ష్యతో చెప్పటంలా. ఏరేటర్లు ఆగితే రొయ్య గంటల్లో చస్తుంది, వేరుశనగ వారంలో చస్తుంది. ముందు వాళ్ళకివ్వడం సబబే. కానీ ఇంకొకటి కూడా ఉంది, అది పైకి ఎవరూ అనరు. వాళ్ళ లైను బిల్లు కట్టే లైను. మా కరెంటు 2004 నుంచి ఉచితం. ఉచితం మంచిదే, అది లేకపోతే నాలాంటి వాళ్ళు ఏనాడో పొలం వదిలేసేవాళ్ళం. దాని వెనకాల ఒక చేదు ఉంది. ఇంటి మీటరు ఆగితే ఆఫీసుకు రోజూ రాబడి పోతుంది. మా మోటారు ఆగితే ఎవరి ఖాతాలోనూ రూపాయి తగ్గదు. మా నష్టం మా దగ్గరే పుట్టి మా దగ్గరే చస్తుంది. ఎవరి పుస్తకంలోనూ నష్టం కనపడని చోటికి ఏ గ్యాంగూ పరిగెత్తుకు రాదు. మనుషులు చెడ్డవాళ్ళు కానక్కర్లా, లెక్క అట్టా ఉంటే చాలు.

ఇది కరెంటుతో ఆగేది కాదు. 2024 ఆగస్టు ఆఖర్న, సెప్టెంబరు ఒకటిన తెలంగాణలో కుంభవృష్టి కురిసింది గుర్తుందా? మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ ఫొటోలు మీ అందరి ఫోన్లకూ వచ్చే ఉంటాయి. అదే వానకు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. రైళ్ళు వారం తిరక్కుండానే మళ్ళీ నడిచాయి. కాలువలో నీళ్ళు మళ్ళీ పారడానికి వారాలు పట్టింది. ఒకే వాన, ఒకే రోజు, రెండూ మట్టికట్టలే. రెండు పనులూ అచ్చంగా ఒకటి కాదని ఇంజనీర్లు అంటారు, కాలువ కట్ట నీటి ఒత్తిడిని ఆపాలి, లైనింగు చెయ్యాలి. ఒప్పుకుందాం. కానీ రైలు ఆగితే గంట గంటకూ నష్టం లెక్కపెట్టే సంస్థ ఒకటుంది. దానికి సొంత మనుషులు, సొంత కంకర, అది తెచ్చే సొంత బండ్లు ఉన్నాయి. కాలువ ఆగితే గంటలు లెక్కపెట్టేది పొలం గట్టు మీద కూర్చున్న రైతు ఒక్కడే.

తలుచుకుంటే చెయ్యగలరు. చేశారు కూడా. అదే ఏడాది ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నూరు టీఎంసీల పైచిలుకు పట్టే డ్యాం. కర్నూలు, అనంతపురం రైతులు ఇక ఈ ఏడు పంట లేదనుకున్నారు. గేట్ల పనిలో పండిపోయిన కన్నయ్యనాయుడు గారిని పిలిపించారు. నీళ్ళు పారుతుండగానే, స్టాప్‌లాగ్ పలకలు ఒకదాని మీద ఒకటి దించి, వారం రోజుల్లో ఆ కంత మూసేశారు. ఆ వయసులో ఆయన అక్కడ నిలబడి చేయించిన పనికి రెండు చేతులా దణ్ణం పెట్టొచ్చు. వారం రోజులు టీవీలన్నీ అక్కడే ఉన్నాయి, రెండు మూడు రాష్ట్రాల ప్రభుత్వాలు పోయే నీళ్ళను టీఎంసీల్లో లెక్కపెట్టాయి.

ఇప్పుడు మా ప్రకాశం వైపు గుండ్లకమ్మ చూడండి. మల్లవరం దగ్గర ప్రాజెక్టు. 2022 ఆగస్టు 31న మూడో గేటు కొట్టుకుపోయింది. గేట్లు తుప్పు పట్టాయని ఆ రోజే అందరికీ తెలిసింది. ఏడాది పైన గడిచింది. 2023 డిసెంబరులో, మిచాంగ్ వెళ్ళిన మూడో రోజు, రెండో గేటు కూడా పోయింది. ఒక గేటు పోవడం ప్రమాదం అంటారు, సరే. దాని పక్కది కూడా పోవడాన్ని ఏమంటారు? అన్నమయ్య డ్యాం ఇంకా ఘోరం. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు మట్టికట్ట తెగింది. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని ఢిల్లీ దాకా మాట్లాడారు. కింద పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత ఏళ్ళు గడిచినా అక్కడ డ్యాం లేచి నిలబడలేదు. దాని కింద పండించుకునేవాళ్ళ పొలాల మీద ఇసుక మేట ఒకటి, నీళ్ళు లేకపోవడం ఇంకొకటి.

ఇట్టా ఎందుకవుతుందో చెప్పే కాగితాలు కూడా ఉన్నాయి. విపత్తు సహాయ నిధి నిబంధనలు చదివితే అందులో ప్రాణం లాంటి మాట తక్షణ స్వభావం గల పనులు. ఆ నిధి అత్యవసరంగా అతుకు వెయ్యడానికే. ఆ అతుకు పని తక్కువ గడువులోనే చెయ్యాలి. 2015-20 నిబంధనల్లో పడిపోయిన స్తంభానికి 4 వేలు, కిలోమీటరు తీగకు 50 వేలు, పాడైన ట్రాన్స్‌ఫార్మరుకు లక్ష అని రాశారు. ఆ స్తంభం మళ్ళీ పడకుండా నిలబడాలంటే ఏం చెయ్యాలో ఆ కాగితం పని కాదు. అది శాశ్వత పని, వేరే పద్దు, వేరే ఫైలు, వేరే ఏడాది. ఆ రెండో ఫైలు మనలో ఎవరైనా కళ్ళతో చూశామా?

ఇదిగో, మా లైనే సాక్ష్యం. ఎనిమిది మీటర్ల స్తంభమైతే ఆరో వంతు, అంటే మీటరుంబావు పైన, భూమిలో ఉండాలి. గట్టి నేలకు అది చాలు. మా ఇసుకలో అడుగున కాంక్రీటు దిమ్మె పొయ్యాలి, మలుపుల దగ్గర స్టే తీగ లాగాలి. ఈ సంగతి మా లైన్‌మనుకు తెలుసు, ఆయనే చెప్పాడు. సిమెంటేది అని అడిగితే నవ్వాడు. పడ్డచోటే, అదే గుంటలో, అదే లోతుకు మళ్ళీ పాతాం. నా చేతులతో నేనే ఇసుక కూరి తొక్కాను. పదకొండింటిలో మూడు ఇప్పటికే వాలాయి. ఇంకో గాలొస్తే మళ్ళీ మేమే, మళ్ళీ మా ట్రాక్టర్లే.

ఆ పంతొమ్మిది రోజుల్లో ఇంకోటి జరిగింది, దాని గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించా. పన్నెండో రోజున మా లైను మీదే ఒక కౌలు రైతు, ముప్పై ఏళ్ళ కుర్రాడు, ఇక ఆగలేక తనే కర్ర పట్టుకుని స్విచ్ దగ్గర జంపరు తగిలించబోయాడు. అవతల లైను చచ్చిపోయిందనుకున్నాడు. ఇవతల బతికే ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది, బతికాడు. రెండు వేళ్ళు ఇప్పటికీ ముడుచుకోవు. అతని తప్పే, ఎవరూ కాదనరు. లైన్‌మన్ కాని మనిషి తీగ ముట్టుకోకూడదు. మీరెవరూ ముట్టుకోకండి, మీ పంట కంటే మీరు ఎక్కువ. కానీ పంతొమ్మిది రోజులు ఆగమని చెప్పడానికి అతని దగ్గరికి ఎవరూ రాలేదు. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అన్నారు. పన్నెండు రేపులు చూశాడు. ఇంకో ఏడు రోజులు పడుతుందని ఖచ్చితంగా చెప్పి ఉంటే ఇంజను అద్దెకు తెచ్చుకునేవాడేమో.

ఇంకో సంగతి, ఆ కుర్రాడు ఏ లెక్కలోనూ లేడు. సర్వీసు భూమి యజమాని పేరు మీద ఉంది, ఆయన హైదరాబాదులో ఉంటాడు. కరెంటు లేదని కంప్లైంటు రాస్తే వినియోగదారుడు ఎవరు అంటారు. వినియోగదారుడు హైదరాబాదులో ఏసీలో ఉన్నాడు సార్, చెయ్యి కాలింది ఇతనికి.

మనకో గడియారం ఉందని చాలామంది రైతులకు తెలియదు. విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే పట్నంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలి. ఆలస్యమైతే వినియోగదారుడికి పరిహారం కట్టాలి. మంచి నిబంధన. అయితే తుఫాను, వరద లాంటివి వస్తే ఆ గడియారం వర్తించదు. మొదటి రెండు మూడు రోజులకు మినహాయింపు ఎవరైనా ఒప్పుకుంటారు. గాలిలో మనిషిని స్తంభం ఎక్కించలేం కదా. ఆ మినహాయింపు ఎప్పుడు ముగుస్తుంది? వంద శాతం అయిందని మీరే ప్రకటించారు. అయితే ఆ ప్రకటన చేసిన క్షణం నుంచి 48 గంటల గడియారం మళ్ళీ మొదలవ్వాలి కదా? తుఫాను అయిపోయిందని పేపరుకు చెబుతారు, అయిపోలేదని మాకు చెబుతారు. ఏదో ఒకటి చెప్పండి.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. సాఫ్ట్‌వేరు, డ్రోన్లు, భూగర్భ కేబుళ్ళు అడగటం లేదు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు అప్పుతో తీగలు భూమిలోకి దించారు, సంతోషం, పట్నానికి అది కావాలి. పొలాల్లో అది కుదరదని నాకూ తెలుసు. నాకు కావలసింది గడి. ఫీడర్లు ఎన్ని బాగైనై అన్న గడి పక్కనే, ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని ఇంకా చచ్చి ఉన్నాయి అన్న గడి. ఆ పట్టిక రోజూ సాయంత్రం మన సచివాలయం గోడ మీద అంటించండి. ఫలానా నంబరు ట్రాన్స్‌ఫార్మర్, ఫలానా రోజు పోయింది, ఫలానా రోజుకు ఇస్తాం. మాది ఇరవయ్యో రోజని రాసినా సరే, కళ్ళకద్దుకుంటాం, ఆ ఇరవై రోజులకు మా ఏర్పాట్లు మేం చేసుకుంటాం. జిల్లాలో ఆఖరి ట్రాన్స్‌ఫార్మర్ చార్జ్ అయిన రోజునే పునరుద్ధరణ అయిందని అనండి. అప్పటిదాకా బయటి గ్యాంగుల్ని పంపించొద్దు. మేం పెట్టిన ట్రాక్టరుకు, కూలికి లెక్క రాసి డబ్బు ఇవ్వండి, కనీసం లెక్కన్నా రాయండి. అతుకు వేసిన ప్రతి చోటికీ వానలు వెనక్కి పోయాక ఒక ఇంజనీరు మళ్ళీ రావాలి, సిమెంటు బస్తాతో రావాలి.

దీనికి ఖర్చెక్కడిది అంటారు. మొదటి పనికి ఒక కాగితం, ఒక సీసా జిగురు.

ఇక మన పని. మనం అరుస్తాం, ఫోన్లు చేస్తాం, రాయం. రాయకపోతే మన దగ్గర కోపం తప్ప కాగితం ఉండదు. మీ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గరికి వెళ్ళి పెయింటుతో రాసిన నంబరు ఫొటో తీసుకోండి. చాలాచోట్ల అది చెరిగిపోయి ఉంటుంది, మీ లైన్‌మనును అడిగి మళ్ళీ రాయించండి. దాని కింద ఎన్ని మోటార్లున్నాయి, అందులో కౌలుకు చేసేవాళ్ళు ఎవరు, వాలిన స్తంభాలు ఎన్ని, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో ఇప్పుడే రాసిపెట్టుకోండి. గాలి వచ్చాక రాయడానికి కుదరదు. పోయిన రోజు, వచ్చిన రోజు, మీరు పెట్టిన డీజిలు, కూలి, అన్నం కూడా రాయండి.

నేను మా లైను మీద రాశా. ఇరవై మూడు మోటార్లు, అందులో తొమ్మిది కౌలువి, వాలిన స్తంభాలు మూడు, ఒకటి చెరువు మలుపు దగ్గర బాగా ప్రమాదంగా ఉంది. ఇరవై మూడు మందిమీ సంతకాలు పెట్టి సోమవారం గ్రీవెన్సులో ఇస్తున్నాం. ఆ చెయ్యి కాలిన కుర్రాడు ఎడమ చేత్తో పెట్టాడు సంతకం. రసీదు ఇవ్వకపోతే అక్కడే కూర్చుంటాం. ఏం చెప్పారో మంగళవారం ఇక్కడే రాస్తా.